అలల పలకకు మూడు బిందెల నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సముద్రాన్ని చూసినోళ్లు ఒక్కరూ లేరు. మాకు చెరువు నిండడమే నాలుగైదేండ్లకోసారి వచ్చే పండగ. అట్లాంటిది, సోమందేపల్లె దాటినాక రోడ్డు పక్కనుండే మా కొట్టంలో, మా జేజినాయన సముద్రం మీద నిలబడే పలక ఒకటి చేసినాడు. జేజినాయనంటే మా నాయనకు నాయన. బండ్లు, మంచాలు చేసే వడ్రంగి. నేను బడికి పోలేదు. అక్షరాలు, నమాజు, కట్టెను తట్టి వినడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నా. అల్లా నాకు అంత మంచి బడి ఇచ్చినందుకు ఇప్పటికీ షుకర్ చెప్పుకుంటా.

పలక అడిగింది ఒక తెల్లాయన. మంగళూరు దిక్కు సముద్రం ఒడ్డున ఉండేవాడంట. మోటారుసైకిలు పంక్చరై మా కొట్టం ముందర ఆగినాడు. చేను గట్ల మీద కంచెగా పెంచే ముండ్ల కిత్తనార మొక్కల నడుమ ఎండి నిలబడిన పొడుగాటి కాడల్ని చూసి చిన్నపిల్లోని మాదిరి చప్పట్లు కొట్టినాడు. బెండు మాదిరి తేలికగా ఉండే ఆ కాడల్ని అతికించి, వాళ్ల దేశంలో అలల మీద జారే పలకలు చేస్తారని వచ్చీరాని కన్నడంలో చెప్పినాడు. మా గోడ మీద బొగ్గుతో బొమ్మ కూడా గీసినాడు. మనిషి కంటే పొడుగు, ముక్కు కాస్త పైకి లేచి, తోక సన్నగా.

"దాని మీద నిలబడి యాడికి పోతావప్పా?" అన్నాడు జేజినాయన.

"యాడికీ లేదు. మళ్లా ఒడ్డుకే."

మా జేజి, అంటే నాయనమ్మ, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునింది.

వానకాలంలో సముద్రం పిచ్చెత్తినట్టు ఉంటుందంట. వానలు పోయినాక, తెల్లారుజామున నేల దిక్కు నుంచి గాలి వీస్తే అల నున్నగా నిలువుగా లేస్తుందంట. పొద్దెక్కి గాలి తిరిగితే చెదిరిపోతుందంట. అది వినంగానే జేజినాయన కండ్లు మెరిసినాయి. "తూర్పారబట్టే పని మాదిరే ఉండాది కదప్పా. గాలి తిరిగిందా, చాట కింద పెట్టాల్సిందే" అన్నాడు. ఆ గాలులు మొదలయ్యేలోగా పలక ఇస్తానని మాటిచ్చినాడు.

కాడల్ని తట్టి ఏరడం నా పని. మంచి కాడ ఖంగుమంటుంది, పురుగు తొలిచింది మొద్దుగా పలుకుతుంది. ఒకటి అట్లనే మొద్దుగా పలికింది. తిప్పి చూస్తే ఆవగింజంత బొక్క. గట్ల మీదివి అయిపోయినాయి, ఇంకోటి తేవాలంటే గుట్టదాకా ఎండలో పోవాల, ముండ్లు గీసుకోవాల. బొక్కలో మైనం కుక్కి, పైన మట్టి రుద్ది, మంచి కాడల్లో కలిపేసినా. ఎవరికీ చెప్పలేదు.

జేజినాయన కాడల పక్కలు చదును చేసి అతికించినాడు. బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి, మూడు పూతలు వార్నిష్ కొట్టినాడు. పలక అద్దం మాదిరి మెరిసింది. చూసిపోను వచ్చినోళ్లంతా నన్ను కూడా మెచ్చుకున్నారు. నేను తల ఊపినా.

ఆ ఏడు గట్టి కరువు. బోరింగు దగ్గర తెల్లారేదాకా వరసలో నిలబడితే ఇంటికి మూడు బిందెలు. ఒక పొద్దు జేజీ నేనూ మోసుకొచ్చి దించినామో లేదో, జేజినాయన ఒక్కో బిందె ఎత్తి మూడూ మేకల తొట్టిలో కుమ్మరించేసినాడు.

అన్నం పడేసినా అంత అదిరిపోయేదాన్ని కాదు. "ఏమయ్యా, నీకేమన్నా మతి పోయినాదా? పిల్లకు తాగను చుక్క లేదే!" అని జేజి అరిచింది. ఆయన పలకను ఎత్తి, తోకను నీళ్లలో ముంచి అదిమిపట్టినాడు.

బుడగ లేచింది. ఇంకోటి. ఆ తర్వాత దారంలో గుచ్చినట్టు వరసగా బుడబుడమని లేస్తానే ఉన్నాయి. నేను మైనం కుక్కిన బొక్కలోంచే.

"ఇది నీళ్లు తాగి బరువెక్కి, సముద్రం నడుమ విరిగితే ఆ మనిషి ఏం పట్టుకోవాల?" అన్నాడు నెమ్మదిగా, పలకతో మాట్లాడినట్టు.

అంతా చెప్పేసినా. కొడతాడనుకున్నా.

"తెలుసమ్మా" అన్నాడు. "మైనం మీద వార్నిష్ పట్టదు. మూడు దినాలుగా నువ్వు చెప్తావని చూస్తాండా."

బుడగల కంటే ఆ మాటకే నేను ఎక్కువ బిత్తరపోయినా. తెలిసీ మూడు బిందెలు పోసినాడా! నా మొగం చూసి ఆయనే అన్నాడు: "నేను తిడితే రేపటికి మర్చిపోతావు. ఈ నీళ్లను మర్చిపోలేవు. నిన్ననే ఒక్క మాట చెప్పింటే మిగిలుండేవి కదా తల్లీ."

మేకలు వచ్చి తొట్టిలో మూతులు పెట్టినాయి. మేము చూస్తా నిలబడినాం.

ఆ మధ్యాన్నం పక్కింటి అక్క తన వంతులోంచి సగం బిందె ఇచ్చింది. మనిషికొక చెంబు వచ్చింది. జేజినాయన తన చెంబు కూడా నా ముందర పెట్టి, "తాగు. గుట్టకు పోవాల్సింది నువ్వే" అన్నాడు. పోయినా. ఈసారి ప్రతి కాడనూ రెండుసార్లు తట్టినా. ఆయన చెడ్డ కాడను కోసి తీసి, కొత్తది అతికించి, మళ్లా మూడు పూతలు కొట్టినాడు. తెల్లాయన వచ్చి, పలకను వీపుకు కట్టుకొని, బండెక్కి వెళ్లిపోయినాడు. మళ్లా రాలేదు. అది ఆయన్ను ఎన్ని అలలు దాటించిందో అల్లాకే తెలియాల.

నాకిప్పుడు మనవరాళ్లు ఉన్నారు. సముద్రం మాత్రం నేనింకా చూడలేదు. తెల్లారి ఫజర్ నమాజు అయినాక చెంబు ఎత్తినప్పుడల్లా, ఎవరికన్నా చెప్పాల్సింది దాచుకున్నానా అని నన్ను నేను అడుగుతా. ఉంటే చెంబు కింద పెట్టి, ముందు పోయి ఆ మాట చెప్పొస్తా. తర్వాతనే తాగుతా.