సిద్దిరాములు కనిపెట్టిన గంజి వైద్యం

సిరిసిల్లలో సిద్దిరాములుకు ఉన్నన్ని అనుమానాలు ఇంకెవరికీ లేవు. పాలలో నీళ్లు కలిపారని ఒక అనుమానం, కలపకపోతే ఎందుకు కలపలేదని మరో అనుమానం. మరమగ్గాన్ని ఆ ఊళ్లో సాంచా అంటారు. సాంచా మీద పోగు తెగితే ఎవరైనా ముందు పోగును చూస్తారు. సిద్దిరాములు ముందు పక్క సాంచా మనిషి మొహం చూసేవాడు. భార్య నర్మద అంటే మాత్రం ప్రాణం. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే తరవాత సంగతి విని అతన్ని దుర్మార్గుడనుకుంటారు.

1986 ఎండాకాలంలో నర్మదకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. కొన్నేళ్ల కిందట కామెర్లు ముదిరి, పసరు తాగి లేచిన మనిషి. కరీంనగర్‌లో డాక్టర్ సరళాదేవి పరీక్షలన్నీ చేయించి, కాలేయంలో ఒక మూల క్యాన్సర్ గడ్డ ఉందనీ, ఇంకా అక్కడే ఉంది గనక హైదరాబాద్ తీసుకెళ్లి కోయిస్తే బతికే ఆశ ఉందనీ చెప్పింది.

సరళాదేవి సుల్తానాబాద్ వైపు దొరల ఇంటి బిడ్డ. సిద్దిరాములుకు అదొక్కటి చాలు. దొరల బిడ్డకు సాంచాలు నడిపే సాలోళ్ల ఆడమనిషి మీద ఇంత ఆపేక్ష ఎందుకు? పట్నంలో డాక్టరీ చదువుకునే పిల్లలకు కోత నేర్పడానికి మనిషి కావాలేమో. పైగా పక్క సాంచా కైలాసం తమ్ముడికి కత్తి తగిలాకే గడ్డ ఒళ్లంతా పాకిందని వాడకట్టంతా చెప్పుకునేది.

"ఒక్క మూలకే ఉన్నదంటున్నరు. కత్తి వెట్టకపోతే అదెట్ల పాకుతది?" అని నిలదీశాడు.

ఆమె విసుక్కోలేదు. "ఒంట్ల కణాల నడుమ ఉత్త జాగ ఉండదు సిద్దిరాములు. ప్రొటీన్ల పోగులతోటి వల లెక్క అల్లిన జాలి ఉంటది. పాత జబ్బుకు మచ్చలు వడి నీ భార్య కాలేయంల ఆ జాలి బిర్రుగైంది. గడ్డ కణాలు ఆ పోగులు వట్టుకొని పాకుతయి. అడ్డమొచ్చిన కాడ కరిగించుకుంట నెత్తుటి నాళాల దాక పోతయి, ఆడికెళ్లి ఊపిరితిత్తులకు. ముంచేది కత్తి గాదు, ఆలస్యం." నర్మద వైపు తిరిగి, "నువ్వేమంటవమ్మా?" అంది.

"దానికేమెరుక, నేనున్న గద," అన్నాడు సిద్దిరాములు. నర్మద తెరిచిన నోరు మూసుకుంది.

తిరుగు బస్సు వేములవాడ దాటే దాకా అతనికి అదే ఆలోచన. పోగులు బిర్రుగా అయ్యాయంటే ఏమిటి? గంజి పట్టాయని. పుట్టినప్పటి నుంచీ పడుగుకు గంజి పెట్టడం చూస్తున్నవాడికి ఇంకొకరు చెప్పాలా? గంజి పట్టిన పోగు మెత్తబడాలంటే వేడినీళ్లలో నానాలి, అంతే. డాక్టరమ్మ అసలు గుట్టు నోరుజారి చెప్పేసిందనీ, దాన్ని తాను పట్టేశాననీ సంబరపడ్డాడు. ఎవర్నీ నమ్మని మనిషి తన బుర్రను మాత్రం కళ్లు మూసుకుని నమ్మాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ రోజు నుంచి ఇంట్లో గంజి, అంబలి బంద్. పొద్దునా సాయంత్రం తానే నీళ్లు కాచి, గుడ్డ ముంచి పిండి, నర్మద డొక్క మీద వేసి కూర్చునేవాడు. చేతులు బొబ్బలెక్కినా మానలేదు. వేడికి నొప్పి కాసేపు తగ్గేది. "చూసినవా?" అనేవాడు. ఆమె తలూపేది.

వానలు పడేసరికి ఆమె చిక్కి సగమైంది. వైద్యం తప్పేమోనన్న అనుమానం రావాల్సిన చోట ఈ మహానుభావుడికి వచ్చిన అనుమానం, పెళ్లాం దొంగచాటుగా గంజి తాగుతోందని. ఆమె తాగిన గ్లాసులు వాసన చూశాడు. పక్కింటి కిష్టవ్వను వాకిట్లో ఆపి, "నా పెండ్లానికి గంజి వోస్తున్నవా?" అని అడిగాడు.

"పొయ్యలే గని, పోసేదుండె," అంది కిష్టవ్వ. "మనిషి ఎండుకపోతుంటే గంజికి కావలి గాస్తున్నవు."

దసరా నాటికి దగ్గులో నెత్తురు పడింది. అప్పుడు ఆమెను తీసుకుని పరుగెత్తాడు కరీంనగర్‌కు, చేతులు కాలాక ఆకుల కోసం. సరళాదేవి ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసింది. ఊపిరితిత్తుల నిండా తెల్లటి మచ్చలు.

"ఇప్పుడు కోసి లాభం లేదు. ఇన్ని నెలలు ఏం జేసినవు?"

అతను గంజి సంగతంతా చెప్పాడు. చెబుతుండగానే అతని గొంతు తగ్గిపోతూ వచ్చింది.

"అది గంజి గాదు," అంది ఆమె నెమ్మదిగా. "ఒళ్లే తనను తాను అట్ల అల్లుకుంటది. వేడినీళ్లకు పోదు." ఆ నెమ్మదికే అతనికి ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే, దొరల బుద్ధి చూపించిందని అనుకునే వీలన్నా ఉండేది.

బయట బల్ల మీద నర్మద గోడకు ఆనుకుని కూర్చుంది. అతను వచ్చి పక్కన కూలబడ్డాడు. ఇక్కడే చేర్చాలో, ఇంటికి తీసుకుపోవాలో తెలియలేదు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆమె మొహం చూసి ఆమెనే అడిగాడు.

"ఏం జేద్దామే?"

నర్మద దగ్గు ఆగేదాకా ఆగింది.

"కోయించుకుంటనని చెప్దామనుకున్న," అంది. "ఆనాడే."