మంచం పక్కన మా మామ

మా మామ పోయి నెల కావస్తోంది. ఆ రోజు నేను కొడకండ్ల అవతల పొలంలో నాట్లు వేస్తున్నాను. పక్కింటి అవ్వ గట్టు మీద నుంచి కేక వేసింది: "మీ మామ పడిపోయిండు, జల్ది రా!" నేను చేరేసరికే ప్రాణం పోయింది. మంచం మీద నుంచి లేవలేని నా తోటికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, ఆయన కూలిపోవడం చూసి అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకుంది. నన్ను చూసి ఒక్క మాటే అన్నది: "నాకు తినవెట్టిండు. తను ఇంక తినలే."

తుపాకులు పట్టుకున్నవాళ్లు ఊరి మీద పడ్డ రోజు అక్క పారిపోతూ గోడ మీద నుంచి పడింది. నడుము విరిగింది. ఆమె భర్త, మా బావ, అప్పటికే దళంతో అడవిలో ఉన్నాడు. అప్పటి నుంచి ఆమెను చూసుకున్నది మామే. స్నానం చేయించడం, బట్టలు మార్చడం నా పనులు, మిగిలినవన్నీ ఆయనవి. కోడలికి మామ చాకిరి ఏమిటని ఊళ్లో నవ్వారు. "నా బిడ్డయితే నవ్వుదురా?" అనేవాడు గంజి కలుపుతూనే.

మళ్లీ దాడి అని తెలిసి ఊరంతా చెలకల్లోకి పరుగెత్తిన రోజు "మామా, నువ్వన్న పో" అని అక్క ఏడ్చింది.

"ఉరికే కాళ్లు నాకెక్కడియి బిడ్డా!" అని ఆయన గడప లోపల కూర్చుండిపోయాడు. ఆయన కాళ్లకు ఏ జబ్బూ లేదు. ఆ ఏడు కూడా నాగలి పట్టినవాడే. ఆ తుపాకులవాళ్లు పక్క ఊరి మీద పడ్డారు కాబట్టి మామా, అక్కా బతికిపోయారు. మేం తిరిగి వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు, ఒళ్లో గొడ్డలి పెట్టుకుని.

సగం పని నేనే చేస్తున్నాననుకునేదాన్ని. అంతా నా మీద పడ్డాక తెలుస్తోంది. పుండ్లు పడకుండా ఆమెను పక్కకు తిప్పడం, పక్క మార్చడం ఒళ్లు అలిసే పనులు, అంతే. బావ వస్తాడా అని ఆమె రోజూ అడుగుతుంది. "అడివిల నల్లవడి ఉంటడు, వచ్చినంక గుర్తువడుతవో లేదో సూడు" అని మామ నవ్వించేవాడు. ఆ మాట నా నోట రాదు. విసుగొచ్చి ఆమె గిన్నె తోసేస్తే ఆయన మళ్లీ కలిపి తెచ్చేవాడు. నేను కూర్చుని ఏడుస్తాను. ఆమె భయం, కోపం ఇన్నాళ్లూ నా దాకా రానియ్యకుండా ఆయనే మోశాడు.

మొన్న కలుపు తీసి వచ్చి, నేల మీద కూర్చుని, మంచం పట్టెకు తల ఆనించి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అక్క పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"లేపకపోతివేంది అక్కా?"

"మామ గూడ గిట్లనే కునికేటోడు. నేను కదిలితే లేస్తడని గట్లనే పండుకునేదాన్ని."

తలుపులోంచి ఎండ ఏటవాలుగా వస్తోంది. అది నా మొహం మీద పడకుండా అడ్డం పెట్టిన చెయ్యి ఆమె ఇంకా తీయలేదు.