అన్న జీపుకు లైట్లు

మా అన్న నన్ను సలహా అడిగింది జీవితంలో ఒకే ఒక్కసారి. జీపుకు ఎలాంటి లైట్లు వేయించాలి అని. అడగకపోయినా సలహాలిచ్చే మనిషిని నేను. అడిగితే ఇక ఆగుతానా?

మా ఊరు కర్ణాటక అంచున బాగేపల్లి తాలూకాలో, పరగోడుకు అవతల. నాయన పోయేనాటికి అన్న ఎనిమిదో తరగతిలో ఉన్నాడు. తన పుస్తకాల సంచి నాకిచ్చి మడక పట్టి సేద్యానికి దిగాడు. నేను ఆ సంచితోనే చదువుకుని చింతామణిలో హైస్కూలు మేష్ట్రునయ్యాను. సైన్సు చెబుతాను, అదీ కన్నడంలో. అన్న చామంతి పూలు పండిస్తాడు. పూలు ముందురోజు కోసి సంచులకెత్తి, తెల్లవారేలోగా చిక్కబళ్లాపురం పూల మార్కెట్టుకు చేర్చాలి. తోట నుంచి తారురోడ్డు దాకా ఎర్రమట్టి దారి, మధ్యలో ఒక వంక. వాన పడిందంటే నాలుగు చక్రాలూ లాగే బండి తప్ప ఇంకేదీ కదలదు. అందుకే అన్న పాత ఫోర్ వీల్ జీపు ఒకటి కొని, దాన్ని ఎద్దును సాకినట్టు సాకేవాడు.

ఎండాకాలం ముగిసే రోజుల్లో ఒకనాడు ఫోన్ చేశాడు.

"రేయ్ మేష్ట్రూ, జీపుకు ఇంకో రెండు లైట్లు కావల్ల. ఏవి మంచివో చూసి చెప్పు."

"ఉండే లైట్లకేమొచ్చె?"

"ముందర బాగనే ఉండాది. పక్కలే మబ్బు. రోడ్డు అంచు తెలీదు."

"మబ్బులో పోతే మబ్బుగా గాక ఇంకెట్లుంటాదన్నా?" అన్నాను నేను.

ఫోన్ స్పీకరులో ఉన్నట్టుంది, వదిన నవ్వింది. అన్న కూడా నవ్వాడు. నాకు చాలా సంతోషమైంది. మా తెలుగులో మబ్బు అంటే తెల్లవారకముందరి చీకటి. మబ్బుతోనే లేచినా అంటే పొద్దు పొడవకముందే లేచానని. కన్నడంలో అదే మాటకు మసక అని అర్థం. మేము ఒక్క వాక్యంలోనే రెండు భాషలూ కలిపి మాట్లాడేవాళ్లం, ఏ మాట ఏ ఇంటిదో ఎవరం చూసుకుంటాం! ఆ రోజు అన్న చెప్పింది కన్నడ మబ్బు. నేను విన్నది తెలుగు మబ్బు. ఆ తేడాలో మా అన్న చూపు పోయింది. అంత మాట అనకూడదని తర్వాత డాక్టరు చెప్పాడు. నేను అంటాను.

పదిహేను రోజులు సెల్‌ఫోనులో వీడియోలు చూశాను. నోటుబుక్కులో బొమ్మలు గీసుకున్నాను. ఈ అదనపు లైట్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి వెలుగును సన్నగా చాలా దూరం విసురుతుంది. రెండోది దగ్గరలోనే రోడ్డుకు ఇటూ అటూ వెడల్పుగా పరుస్తుంది. తెల్లవి ఉన్నాయి, మంచు కురిసే రోజులకు పసుపువి ఉన్నాయి. జీపు పైకప్పు మీద బిగిస్తే ఆ వెలుగు బానెట్టు మీద పడి మన కళ్లకే కొడుతుంది, కింద బంపరుకు బిగిస్తే మంచిది. ఇవన్నీ ఇంట్లో నా భార్యకు చెప్పాను, స్టాఫ్ రూములో చెప్పాను, చివరికి తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా చెప్పాను. ఎవరికీ అక్కర్లేకపోయినా చెప్పాను.

ఒక ఆదివారం అన్న బాగేపల్లి మీదుగా పేరేసంద్ర దాటి చిక్కబళ్లాపురం వచ్చాడు. నేను చింతామణి నుంచి బస్సులో వెళ్లాను. అక్కడ బండ్లకు లైట్లు, హారన్లు బిగించే చిన్న షాపు ఒకటుంది. దాని యజమాని నడివయసు ఎలక్ట్రీషియన్, నిదానస్తుడు. నాలుగు రకాల లైట్లు బల్ల మీద పెట్టి, బ్యాటరీకి తగిలించి ఒక్కొక్కటే వెలిగించి చూపించాడు.

అన్న వెడల్పుగా వెలుగు పరిచేదాని మీద చెయ్యి పెట్టాడు. "నాకిదే బాగుండాదప్పా" అన్నాడు.

"అన్నా, అది తోటలో పారాడేదానికి. హైవేలో పోయేవానికి దూరం కనపడల్ల. నిలబడిన లారీ ముందుగానే తెలియల్ల. నువ్వు గట్టు మీది గడ్డి చూసి ఏం చేస్తావు?"

"నాకు గట్టే కావల్ల రా."

"నీకు తెలీదు, ఊరికుండు."

షాపులో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నా గొంతు నాకు తెలియకుండానే బడి గొంతు అయిపోతుంది, అది నాకున్న జబ్బు. నోటుబుక్కు తెరిచి బొమ్మ కూడా చూపించాను. అన్న ఆ బొమ్మను కాసేపు చూశాడు. తర్వాత వెళ్లి జీపు దగ్గర నిలబడి, "మేష్ట్రు చెప్పినట్లే బిగించప్పా" అని ఎలక్ట్రీషియనుతో అన్నాడు. నేను గెలిచాను. పని అయ్యాక ఇద్దరం టీ తాగాం. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.

ముందు వెలుగు ఎంత ఎక్కువైతే పక్కల చీకటి అంత చిక్కగా తోస్తుంది. ఇది పాఠంలో ఉన్నదే. పాఠం చెప్పేవాడికి గుర్తుకు రాలేదు.

నెలన్నర తర్వాత వదిన ఫోన్ చేసింది. "ఏమప్పా, మీ అన్న జీపును రోడ్డు పక్క మోరీ గోడకు తగిలించినాడు. ఎడమపక్క రేకంతా నలిగింది. అడిగితే చెప్పడు. నిద్ర సాలక తోల్తాండాడేమో, నువ్వన్నా ఒక మాట చెప్పు."

నాకదొక అవకాశం. ఫోన్లో నిద్ర గురించి అన్నకు అరగంట పాఠం చెప్పాను. అంతా విని, "నీ లైటు ముందర పట్టపగలు మాదిరి ఉండాది రా. పక్కలు ఇంకా మబ్బయినాయి" అన్నాడు.

"ఇంకా ఎన్ని లైట్లు కావల్లన్నా నీకు? జీపును పెండ్లి పందిరి చేస్తావా?"

ఈసారి ఆయన నవ్వలేదు. సరేలే అని పెట్టేశాడు.

ఆ నెలల్లో నా కళ్ల ముందే జరిగినవి ఎన్నో ఉన్నాయి. గౌరిబిదనూరులో బంధువుల పెళ్లిలో ఎవరో పక్కనుంచి నీళ్ల గ్లాసు అందిస్తే అన్న తీసుకోలేదు. మా చిన్నాయన పక్కకు వచ్చి పలకరిస్తే చూడకుండా వెళ్లిపోయాడు. పూలు బాగా పలికేసరికి తల తిరిగింది వానికి అని చిన్నాయన పంక్తిలో కూర్చున్న అందరికీ చెప్పాడు. అన్నకు పొగరేమిటి అని నేను గట్టిగా అనాల్సింది. అనలేదు. ఏమో, ఉండొచ్చు అని కూడా మనసులో అనుకున్నాను. నన్ను చదివించిన మనిషి గురించి అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతుంటాను.

దసరా సెలవులకు నా మనసు కాస్త మెత్తబడింది. నోటుబుక్కులో వెడల్పు లైట్ల పేజీ తీసి, సరే, ఆయన ముచ్చట తీరుద్దాం అనుకున్నాను. ముచ్చట అనే అనుకున్నాను. మళ్లీ అదే షాపుకు వెళ్లాం. ఎలక్ట్రీషియన్ పసుపు వెలుగు లైట్లు రెండు బంపరుకు కింద బిగించాడు. పొద్దు గూట్లో పడేవేళకు జీపును ఎదురుగా ఉన్న గోడౌను గోడ వైపు తిప్పి నిలిపాడు. వెలుగు ఏ ఎత్తులో పడుతున్నదో, ఎంత వెడల్పు పరుచుకుంటున్నదో చూసి బోల్టు బిగించడానికి గోడే వాళ్ల కొలబద్ద. స్విచ్చు వేయగానే ఆ గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుప్పచ్చగా వెలిగింది. అంటించిన పోస్టర్లలోని అక్షరాలు కూడా చదవొచ్చు.

అన్న జీపు పక్కన నిలబడి గోడకేసి సూటిగా చూస్తున్నాడు.

"అంచులు కనపడతాండాయా అప్పా?" అని ఎలక్ట్రీషియన్ అడిగాడు.

"యాడ? నడిమధ్యన మాత్రమే ఉండాది గదా."

ఇంకెంత వెలుగు కావాలని అరవడానికి నోరు తెరిచాను. ఈలోగా ఆయన బాగా చూద్దామని పక్కకు ఒక అడుగు వేశాడు. అక్కడ పనిముట్ల పెట్టె ఉంది, నిండు వెలుగులో. దాని మీద పడ్డాడు. మోకాలు చీరుకుంది. మేమిద్దరం లేపి కూర్చోబెట్టాం. ఎలక్ట్రీషియన్ అన్న చెవి దగ్గరకు చెయ్యి తెచ్చి, మెల్లగా ముందుకు జరుపుతూ, "నన్ను చూడొద్దు, గోడనే చూడప్పా. ఎన్ని వేళ్లుండాయి?" అన్నాడు.

"ఏ వేళ్లు?" అన్నాడు అన్న.

ఆ చెయ్యి దాదాపు ముక్కుకు ఎదురుగా వచ్చేదాకా ఆయనకు వేళ్లు కనపడలేదు. ఎలక్ట్రీషియన్ లైట్లు ఆర్పేసి నన్ను షాపులోకి పిలిచి, "మేష్ట్రే, లైటుది తప్పు లేదు. రేపే కండ్లు చూపించండి. మా అత్తకూ ఇట్లే అయ్యింది" అన్నాడు. పదో తరగతికి కన్ను పాఠం చెప్పేవాడిని నేను. నాకు ఆ మాట చెప్పింది హారన్లు బిగించే మనిషి.

మరునాడు కంటి ఆసుపత్రిలో అన్నను గిన్నెలాంటి ఒక యంత్రం ముందు కూర్చోబెట్టారు. తల కదపకుండా మధ్యలోని చుక్కనే చూడాలి. లోపల పక్కల్లో ఎక్కడో ఒక చిన్న లైటు వెలిగి ఆరిపోతుంది. కనపడినప్పుడల్లా చేతిలోని బటను నొక్కాలి. నేను పరదా ఇవతల కూర్చున్నాను. టక్కుమని ఒకసారి వినపడింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇంకోసారి టక్కుమంది. మళ్లీ ఏమీ లేదు. లోపల లైట్లు వెలుగుతూనే ఉన్నాయని నాకు తెలుసు. నొక్కన్నా, నొక్కు అని మనసులో అంటూ కూర్చున్నాను.

గ్లకోమా అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం మెల్లగా చచ్చిపోతుంది. నొప్పి ఉండదు. చూపు ముందు పక్కల నుంచి పోతుంది, మధ్యది చివరిదాకా ఉంటుంది. అందుకే మనిషికి తన కళ్ల మీద అనుమానం రాదు, లైటు చాలలేదు అనుకుంటాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కలమందుతో కాపాడుకోవాలి, బండి మాత్రం ఇక నడపకూడదు. డాక్టరు ఇవన్నీ కన్నడంలో చెప్పాడు. అన్న చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

నేనొక్కటే అడిగాను. "నాలుగైదు నెలల ముందు వచ్చి ఉంటే?"

"కొంత మిగిలేది. ఎంత అని చెప్పలేను. దాన్ని మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు డాక్టరు.

పెట్టుకోకుండా ఎలా? అన్న అంచు అన్నాడు, గట్టు అన్నాడు, పక్కలు అన్నాడు. అంతకంటే తేటగా ఎవరు చెబుతారు? బయటికి వచ్చాక అన్న జీపు తాళం నా చేతిలో పెట్టాడు. నేనే నడిపాను. బాగేపల్లిలో మా ఊరి దారికి తిప్పబోతుంటే, "పూలెవరు తోల్తారు రా ఇంక?" అన్నాడు. నేను ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఆ సంవత్సరం కన్ను పాఠం వచ్చినప్పుడు తలనొప్పి అని చెప్పి ఇంకో మేష్ట్రుతో చెప్పించాను.

ఇప్పుడు పక్క తోటాయన వ్యానులో పూలు పోతున్నాయి. జీపు కొట్టంలో ఉంది. అన్న వారానికొకసారి దాన్ని తడుముతూ తుడుస్తాడని వదిన చెబుతుంది. చుక్కలమందు ఏనాడూ తప్పించడు. నా మీద మాత్రం కోపం లేదు. ఒక్కరోజైనా తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది.

ఈ జబ్బు తోడబుట్టినవాళ్లకూ రావొచ్చని, నన్ను కూడా పరీక్ష చేయించుకోమని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. నేను పరీక్షల పని, పేపర్లు దిద్దే పని అని వాయిదా వేస్తూ వచ్చాను. నిజానికి భయం. ఒక పొద్దున తలుపు తీస్తే చింతామణిలో మా గుమ్మం ముందు అన్న నిలబడి ఉన్నాడు. బాగేపల్లిలో ఒక్కడే బస్సెక్కి, కండక్టరును బతిమాలి, వీధి అడుగుతూ వచ్చాడట. "అంగీ ఏసుకో, ఆసుపత్రికి పోదాం" అన్నాడు. కాఫీ కూడా తాగనివ్వలేదు.

నన్ను ఆ యంత్రం ముందు కూర్చోబెట్టారు. పరదా అవతల అన్న కూర్చున్నాడు. నేను చుక్కను చూస్తూ, లైటు కనపడినప్పుడల్లా బటను నొక్కుతూ పోయాను. టక్కు, టక్కు, టక్కు. చాలా లైట్లు కనపడ్డాయి. ప్రతి చప్పుడూ అవతల ఆయనకు వినపడుతోందని తెలిసి నొక్కడానికి నాకు వేలు రాలేదు. కానీ నొక్కాను.

అయిపోయాక పరదా తీసిన అమ్మాయిని అన్న లేచి నిలబడి అడిగాడు. "అమ్మా, వీనికి పక్కలు గూడా కనపడతాండాయా?"

"అన్నీ బాగా కనపడతాండాయి తాతా" అంది ఆ అమ్మాయి.

మా అన్న పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకుని అక్కడే ఏడ్చాడు. నాయన పోయిన రోజు కూడా ఏడవని మనిషి. తర్వాత ముఖం తుడుచుకుని, నా భుజం ఎక్కడుందో వెతికి పట్టుకుని, నాతో బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, "మెట్లుండాయి, సూసి దిగు" అన్నాడు నాతో.