గోడ కింద అమ్మ చోటు

నా చిన్నప్పుడు మా అమ్మ ఒక మేస్త్రి దగ్గర కూలికి సున్నం తట్టలు మోసేది. ఆ ఏడు సముద్రం పక్కన ఉప్పు నిలవచేసే కొట్టు కడుతున్నారు. అక్కడి నీళ్లన్నీ ఉప్పగా ఉండడంతో, దూరాన ఉన్న మంచినీళ్ల బావి దగ్గరే సున్నం కలిపి ఇసుకలో మోసుకురావాలి. ఆడవాళ్లంతా కలిసి బయలుదేరి కలిసే వచ్చేవాళ్లు. తట్టలన్నీ ఒక్కసారే దిగేవి. మళ్లీ వచ్చేదాకా గోడ మీద తాపీవాళ్లు ఊరికే కూర్చునేవాళ్లు.

వానల్లోగా గోడలు లేవకపోతే ఆ మేస్త్రికి ఇక పని ఇచ్చేవాళ్లు లేరు. ఆయన విసుగంతా అమ్మ మీద పడింది. చలిజ్వరం పడి లేచిన మనిషి, అందరికన్నా వెనకబడేది. రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ కూలితోనే మేం అన్నం తింటున్నాం. అమ్మ బతిమాలలేదు. దానికీ ఓపిక లేనట్టు ఇసుకలో కూలబడింది.

మర్నాడు, అమ్మతోపాటే తట్టలు మోసే పక్కింటి అక్క అమ్మను చెయ్యి పట్టుకుని పనికి తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. అక్కది చేపలు పట్టే ఇల్లు. పడవలోంచి గంపలు ఒడ్డుకు చేతులు మార్చినట్టు, ఆడవాళ్లను బావి నుంచి గోడ దాకా ఎడమెడంగా నిలబెట్టింది. ఒకరు తెచ్చింది ఇంకొకరు అందుకుని కాస్త దూరం నడవడం, ఖాళీ తట్టతో వెనక్కి రావడం. చివరన, గోడ నీడలో, తట్ట పైకి అందించే చోట అమ్మ.

మేస్త్రి మండిపడ్డాడు. "నిలబడుకోని ఉండేదానికి కూలి ఇయ్యాల్నా మే?"

"గోడను చూడు మేస్త్రీ. అది లేస్తా ఉంటే మేం నిలబడితే నీకేంది, కూచుంటే నీకేంది?" అంది అక్క.

ఆయన వినకుండా అమ్మను పక్కకు పొమ్మన్నాడు. అమ్మ తప్పుకుంది. కాసేపటికే తట్టలు గోడ కింద పేరుకుపోయాయి. సున్నం కోసం పైనున్న తాపీ ఆయనే దిగి ఎక్కవలసి వచ్చింది. చివరికి ఆయనే విసుక్కున్నాడు.

"ఆ యమ్మను పిలువు మేస్త్రీ. నా మోకాళ్లు పోతుండాయి."

అమ్మ తప్ప అందరూ నవ్వారు. మేస్త్రి ఎటో చూస్తూ "రామ్మా" అన్నాడు. వానలకు ముందే కొట్టుకు కప్పు పడింది. అందాకా అమ్మ ఆ నీడలోనే పనిచేసింది.

తర్వాత నేనూ ఎన్నో ఏళ్లు తట్టలు మోశాను. ఒళ్లు దాచుకుంటున్నామని ఎందరో మేస్త్రీలు తిట్టగా విన్నాను. ఇప్పటికీ ఎక్కడైనా పని సాగడం లేదని ఎవరైనా అంటే, ముందు ఆ మనుషులు ఎంత దూరం నడుస్తున్నారో చూస్తాను. ఆ తర్వాత, వాళ్లలో నిలబడే ఓపిక మాత్రమే మిగిలిన మనిషి ఎవరో వెతుకుతాను.