సత్యవతిగారు సంతకం పెట్టని నివేదిక

కొత్త ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది. పచ్చి ప్లాస్టిక్కూ రంగూ కలిసి ముక్కుకు పట్టేసే వాసన. మొన్న శ్రీకాకుళంలో ఒక సమీక్షా సమావేశానికి వెళ్లి ముందు వరుసలో కూర్చుంటే, వేదిక వెనక అప్పుడే కట్టిన ఫ్లెక్సీ నుంచి అది గుప్పుమంది. ఏదో పథకం ఎంత విజయవంతమైందో మైకులో ఎవరో పెద్దాయన చెబుతున్నారు. నాకు సత్యవతిగారు గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు.

సత్యవతిగారు నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి. సొంతూరు గజపతినగరం. గణాంకశాఖలో పనిచేసి రిటైరయ్యాక, విజయనగరంలో రెండు గదులు అద్దెకు తీసుకుని, ప్రభుత్వ పథకాలు జనానికి పనికొచ్చాయో లేదో చూసి నివేదికలు రాసిచ్చే పని పెట్టుకున్నారు. రాష్ట్రం రెండయిన మరుసటి ఏడాది నేను ఆవిడ దగ్గర చేరాను. అప్పుడే మా చేతికి ఒక పెద్ద పని వచ్చింది. తమ సరుకును విదేశాలకు పంపుకోవాలనుకునే చిన్న వ్యాపారులకు సాయంగా సర్కారు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఒక పథకం నడిపింది. శిక్షణలు, యంత్రాలు, నగరాల్లో ప్రదర్శనలకు ప్రయాణాలు, అన్నీ సర్కారు ఖర్చే. దాన్ని అలాగే పొడిగించాలా, మార్చాలా అన్నది మా నివేదికను బట్టి తేలుతుందన్నారు.

మొదటిరోజు ఆ పథకం నడిపే శాఖవాళ్లే కారూ, వెంట ఒక అధికారినీ పంపారు. గరివిడి దాటాక ఒక జనపనార సంచుల యూనిట్ ముందు ఆపారు. గుమ్మంలో పూలదండలు, లోపల జీడిపప్పు పళ్లేలు. సత్యవతిగారు దండ మెడలో వేయించుకోలేదు, చేతికి తీసుకుని పక్క కుర్చీలో పెట్టారు. యజమాని పథకాన్ని తెగ పొగిడాడు. ఆవిడ అంతా విని, "పథకం రాకముందు బయటి దేశాలకి పంపీవారు కాదా బాబూ?" అని అడిగారు.

"అయ్యో, మా నాన్నగారి కాలం నుంచీ పంపుతున్నాం మేడమ్," అన్నాడాయన గర్వంగా.

పక్కనున్న అధికారి ముఖం అప్పుడు చూడాలి. కారెక్కాక సత్యవతిగారు నావైపు తిరిగి, అధికారికి వినపడేలాగే అన్నారు. "ఆయన పథకం నేకపోయినా పంపుతాడు కదే. మరి దీనివల్ల మారింది ఏటి?" ఆరోజు చూపించిన మిగతా యూనిట్లూ అలాంటివే. పరిశీలనకు ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తారట. ఎప్పుడు లేచి దండలు వేయాలో అక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నడవగలిగినవాడి వెంట నలుగురు నడిచి, వాణ్ని మేమే నడిపించామని చెప్పుకోవడం, అదీ వరస.

మర్నాడు ఆవిడ కారు వద్దని నన్ను ఆర్టీసీ బస్సెక్కించారు. భోగాపురంలో దిగి, ఆటోలో సముద్రపుటొడ్డున ఉన్న ఒక పల్లెకు వెళ్లాం. శాఖ ఇచ్చిన ఫొటోల్లో, చేపలు ఎండబెట్టే కొత్త యంత్రం పక్కన నిలబడి నవ్వుతున్న ఒక మత్స్యకార మహిళ ఉంది. పేరు నూకాలు. మేం వెళ్లేసరికి ఆమె ఇసుకమీదే పాత వల పరిచి నెత్తళ్లనే చిన్న చేపలు ఎండబెడుతోంది. యంత్రం పాక వెనక టార్పాలిన్ కింద ఉంది.

"కరెంటు లైను ఇంకా రానేదమ్మా," అంది నూకాలు.

"మరి ఫొటోలో చేపలు ఎండుతున్నాయి కదా?" అన్నాను నేను.

"ఆ సేపలు మావి కావు. ఆల్లు ప్రారంభం పెట్టినది యాట బందు రోజుల్లో. అప్పుడు మాకు సేపలెక్కడివి? ఆల్లే ఇసాపట్నం మార్కెట్టులో కొని తెచ్చీసినారు. నన్ను పక్కన నిలబడమన్నారు, నిలబడినాను."

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో కొన్నాళ్లు సముద్రంలో వేట ఆపేస్తారు. తీరంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. జనం ఖాళీగా దొరుకుతారని శాఖవాళ్లు ఆ రోజులే చూసి ముహూర్తం పెట్టుకున్నారు.

నూకాలు, ఆ వీధి ఆడవాళ్లు మరికొందరు కలిసి, దళారి చేతిలో పెట్టకుండా తామే సరుకు పంపాలని మొదలుపెట్టారు. మొదటి సరుకు ఇసుక ఉందని రేవు నుంచే తిరిగొచ్చింది. సింగపూరులో కొనేవాడు ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. వచ్చే వేటకాలానికి ఇసుక అంటకుండా ఎండబెట్టి, పరీక్ష చేయించి పత్రం తెస్తే కొంటాడు, లేదంటే వేరేచోట చూసుకుంటాడు. వాళ్లకు కావలసింది నేలకు ఎత్తుగా కట్టే తడికలు, దగ్గర్లో ఒక పరీక్షశాల. "తడికలు అడిగినాము. మిషను ఇచ్చినారు," అంది నూకాలు.

సత్యవతిగారు అదే రాశారు. నిలదొక్కుకున్నవాళ్ల చుట్టూ తిరిగిన డబ్బును ఇలాంటివాళ్ల వైపు మళ్లించమని, వేటకాలం లోపు తడికలూ పరీక్షశాలా ఏర్పాటు చేయమని రాశారు. అధికారి పిలిచి మర్యాదగానే మాట్లాడాడు. "బాగుంది మేడమ్. భాష కొంచెం మెత్తబరచండి. ఆ పల్లె సంగతి చివర్లో అనుబంధంలో పెడదాం. ఆమె ఫొటో మాత్రం అట్టమీద వేద్దాం, బాగా వచ్చింది."

ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ సేపలు కొన్నవి బాబూ. ఆ బొమ్మ అట్టమీద వెయ్యాలంటే నా పేరు తీసీండి." సంతకం పెట్టకుండా లేచి వచ్చేశారు.

ఆ పని మరో సంస్థకు వెళ్లింది. వాళ్ల నివేదిక అట్టమీద నూకాలు నవ్వుతూనే ఉంది. పథకాన్ని ఉన్నదున్నట్టు పొడిగించారు. మాకు ఆ శాఖ గుమ్మం మూసుకుపోయింది. జనం సొమ్ముతో జనం పేరు చెప్పి చేసిన ఆ పనికి సిగ్గుపడినవాళ్లు నాకొక్కరూ కనిపించలేదు.

ఎవరి దగ్గర వివరాలు తీసుకున్నామో వాళ్ల దగ్గరకు మళ్లీ వెళ్లి ఏమైందో చెప్పి రావడం సత్యవతిగారి పద్ధతి. వేటకాలం మొదలయ్యాక ఆ పల్లెకు వెళ్లాం. సింగపూరువాడు వేరేచోట కొనుక్కున్నాడు. సరుకు మళ్లీ దళారికే పోతోంది. పథకం ఖర్చుతో ప్రదర్శనలో స్టాలు పెట్టుకున్న ఆ దళారి, వీళ్ల నెత్తళ్లనే తన పేరుతో ఓడెక్కిస్తున్నాడు. అది కూడా పథకం సాధించిన ఎగుమతే.

"నావల్ల కానేదమ్మా," అన్నారు సత్యవతిగారు, ఇసుకలో నూకాలు పక్కనే కూర్చుని.

నూకాలు చేపలు తిరగేస్తూ, "మీరైనా ఒచ్చి సెప్పినారు. ఫొటోకి ఒచ్చినోల్లు మరి కనబడనేదు," అంది.

తిరుగు బస్సులో కోపం పట్టలేక ఏడ్చేశాను. ఇవన్నీ ఎలా తట్టుకుంటారని ఆవిడను అడిగాను. "తట్టుకోడం నేర్సుకోకే. ఈ కోపం సల్లారిందంటే నువ్వూ ఆల్లకి నచ్చినట్టు రాసీస్తావు," అన్నారు.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఆ రెండు గదుల ఆఫీసును ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఈమధ్య ఒక అధికారి ఫోన్ చేసి, "మీ నివేదిక చాలా చక్కగా ఉందండీ, మాకెక్కడా ఇబ్బంది లేదు," అన్నాడు. థాంక్స్ చెప్పి పెట్టేశాను. వెంటనే ఆ నివేదిక తీసి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను, ఏ ఊళ్లో ఏ నూకాలును వదిలేశానో అని.