లాండ్రీ వదిన లైసెన్సు

వీధిలో అందరికీ ఆవిడ లాండ్రీ వదినే. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా వదిన అనే పిలుస్తారు, కాదంటే మాత్రం ఎవరు మానతారు గనక! ఇంటి కింది వాటాలో రెండు పెద్ద మెషీన్లు, ఇస్త్రీ బల్ల, తడిగుడ్డల వాసన, బయట ఒక వ్యాను. ఆసుపత్రి దుప్పట్లు, తలగడ గలీబులు ఉతికి, మడిచి, డాక్టర్లు వార్డుల్లోకి రాకముందే చేర్చాలి. ఉతకడం ఆవిడ వంతు, చేర్చడం మొగుడి వంతు. కాపురమంతా అలాగే సాగింది.

మొగుడికి షుగరు. పథ్యం చెయ్యవయ్యా అంటే వినే మనిషైతే కదా! చూపు కొద్దికొద్దిగా మసకబారి చివరికి పూర్తిగా పోయింది. చూపుతోపాటు మాట కూడా పోయినట్టు మూల కుర్చీలో కూర్చుండిపోయాడు. పలకరిస్తే "ఊఁ", పలకరించకపోతే అదీ లేదు. వదిన ఎలా ఉందోనని బంధువులు వచ్చి చూశారు. ఆవిడ ఏడవలేదు. అందరికీ టీలిచ్చి, మెషీను ఆగిన చప్పుడు వినిపించగానే లేచి వెళ్ళి బట్టలు తీసింది. గుండె రాయి చేసుకుందన్నారు. అదేం కాదు. ఆవిడకు లోపల ఏమీ అనిపించడం లేదు, అంతే. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, మనిషి మొత్తం అలా ఉంది.

జీతానికి పెట్టుకున్న డ్రైవర్లు ఒకడు పోతే ఒకడు. ఆఖరివాడు చెప్పాపెట్టకుండా మానేసిన రోజున ఆసుపత్రి స్టోరు చూసే ఆయన పిలిపించాడు.

"చూడమ్మా, రోగుల్ని బోసి మంచాల మీద పడుకోబెట్టలేను కదా. కొంచెం గడువిస్తాను. ఆలోగా నిలకడగా ఉండే డ్రైవర్ని చూసుకోండి. లేదంటే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను."

"నేనే నడుపుతానండీ," అంది వదిన.

సైకిలు కూడా తొక్కిన మొహం కాదు. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. ఆసుపత్రి పని పోతే లాండ్రీ మూసుకోవాల్సిందే, అది మాత్రం తెలుసు.

ఇంటికొచ్చి చెబితే మొగుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తర్వాత కాళ్ళతో చెప్పులు వెతుక్కున్నాడు.

"పద. డ్రైవింగ్ స్కూలు నేను చూస్తాను."

చూస్తాడట! పక్కింటావిడ కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఆయన మాత్రం ఒక్కో డ్రైవింగ్ స్కూలు ముందూ పెళ్ళాం భుజం పట్టుకుని నిలబడి, నేర్చుకునేవాళ్ళ కార్లు బయల్దేరే చప్పుడు విన్నాడు. మొదటి చోట, "గేరు ఎలా కీచుమంటోందో విను. బండి బాగోగులు పట్టవు వీళ్ళకి," అన్నాడు. రెండో చోట మాస్టారి అరుపులు విని, "ఇతని దగ్గర భయం తప్ప ఏమీ రాదు," అన్నాడు. మూడో చోట కారు మెత్తగా కదిలింది. మాస్టారి గొంతే వినపడలేదు. ఎలా వినపడుతుంది, ఆయన కునుకు తీస్తుంటే! ఆయన పేరే నిద్రమాస్టారు. నేర్పే కారులో మాస్టారి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. దానిమీద కాలు పెట్టుకుని హాయిగా కళ్ళు మూసుకుంటాడు.

"మా ఆయన కూడా వెనక కూర్చోవచ్చా అండీ?" అని అడిగింది వదిన.

"కూర్చోనీ తల్లీ. నాకు మాట్లాడే పని తప్పుతుంది."

ముందు లెర్నర్ లైసెన్సు కావాలి. వయసుకి రుజువు దొరికింది గానీ చిరునామా దగ్గర వ్యవహారం ఆగింది. కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు, ఇంటి పన్ను అన్నీ మొగుడి పేరే. పెళ్ళయిన నాటినుంచి ఆ ఇల్లు ఊడ్చి తుడిచిన మనిషి అక్కడ ఉంటున్నట్టు ఒక్క కాగితమూ లేదు. బ్యాంకులో ఖాతా తెరిచి ఎలాగో గట్టెక్కారు. తర్వాత కంటి పరీక్ష. గోడ మీది అక్షరాలు పైనుంచి అట్టడుగు దాకా వదిన గడగడా చదివేసింది.

"ఆఖరి వరస కూడానా?" అన్నాడు బల్ల మీద కూర్చున్న మొగుడు.

"ఊఁ."

అప్పుడైనా ఏదో అనిపించాలి కదా. అనిపించలేదు.

పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో పెదవి విప్పని మనిషి కారెక్కితే ఆగేవాడు కాదు.

"ముందేముంది?"

"సైకిలండీ."

"ఎంత దూరం?"

"రెండిళ్ళ దూరం."

"అయితే బ్రేకు వద్దు, యాక్సిలేటరు మీంచి కాలు తీసెయ్ చాలు. క్లచ్చు అలా వదుల్తావేమే, దుప్పటి దులుపుతున్నావా?"

ఆవిడ కనిపించినదల్లా చెప్పేది, ఆయన చెప్పినట్టల్లా చేసేది. మధ్యలో మాస్టారి గురక. రోజూ ఆ కాసేపూ వదినకు మొగుడు మళ్ళీ దొరికినట్టుండేది. సంతోషమా అంటే కాదు. తిమ్మిరి వదిలేముందు సూదులు గుచ్చినట్టుంటుందే, అలాంటిది.

పరీక్ష రోజున మాస్టారి సీట్లో ఆఫీసరు కూర్చున్నాడు. మొగుడిని బయట బెంచీ మీద ఉండమన్నారు. బండి బాగానే కదిలింది. మలుపు తిరగ్గానే ఒక బస్సు.

"ముందు బస్సు ఆగిందండీ," అంది వదిన.

"ఆగితే?" అన్నాడు ఆఫీసరు.

ఆవిడ వెనకనుంచి జవాబు కోసం చూసింది. కాలు బ్రేకు మీదికి వెళ్ళనే లేదు. ఆఫీసరే తనవైపు బ్రేకు గట్టిగా తొక్కాడు.

"ఎవర్ని అడుగుతున్నావమ్మా? బండి నడిపేది నువ్వా, నేనా?"

పరీక్ష తప్పింది. మొగుడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది.

"తప్పు నాది," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "నీ కళ్ళు పెట్టుకుని నేను నడిపాను. నువ్వు నేర్చుకున్నదేమీ లేదు. ఇక నేను రాను."

"మీరు రాకపోతే ఎలాగండీ?"

"ఎలాగో నువ్వే చూసుకో."

మళ్ళీ మూల కుర్చీ, మళ్ళీ "ఊఁ".

స్టోరు ఆయన్ని బతిమాలి ఇంకొంత గడువు తెచ్చుకుని, అందాకా దుప్పట్లు అద్దె బండిలో పంపిస్తూ, వదిన ఒక్కతే స్కూలుకి వెళ్ళింది. అలవాటు కొద్దీ "సైకిలు!" అనేది. మాస్టారు ఉలిక్కిపడి లేచి "ఏదీ? ఎక్కడ?" అనేవాడు. పాపం, ఆయన నిద్ర చెడింది. పోనుపోనూ ఆవిడ నోరు మూతపడింది, కాళ్ళకు తెలివొచ్చింది. రెండోసారి పరీక్షలో ఒక్క మాట మాట్లాడకుండా పాసైంది. లైసెన్సు చూసి స్టోరు ఆయన "హమ్మయ్య" అన్నాడు. పని నిలబడింది. పక్కింటావిడ మెచ్చుకుంది. వదినకు అప్పుడూ ఏమీ అనిపించలేదు.

మొదటి రోజు పొద్దున్నే మూటలన్నీ వ్యానులో సర్ది, "మీరూ రండి" అంది మొగుడితో. రానంటాడనుకుంది. ఆయన లేచాడు. గోడ పట్టుకుని, ఆ తర్వాత వ్యానుని తడుముకుంటూ వచ్చి, తలుపు తీసి, ఎక్కి కూర్చున్నాడు.

స్టీరింగు ముందు.

కాళ్ళు తమకు తెలిసిన చోటికే తీసుకుపోయాయి. రెండు చేతులూ స్టీరింగు మీద వేశాడు. తల పక్కకి తిప్పి అద్దం కూడా సరిచేసుకున్నాడు.

వదిన తాళాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. పొద్దెక్కుతోంది. ఆసుపత్రిలో మంచాలు బోసిగా ఉంటాయి. చెప్పాల్సింది ఒక్క మాట. ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో ఏమో, ఏడుపు ఒక్కసారిగా ముంచుకొచ్చింది.

"కాస్త జరగండి," అంది.

ఆయన చేతులు ఆగిపోయాయి. అప్పుడు తెలిసింది ఆయనకి.

"దిగనా?"

"వద్దు. అలాగే జరగండి."

గేరు రాడ్డు మీదుగా ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు వేసి పక్క సీట్లోకి జరిగాడు. జన్మలో ఎన్నడూ ఆ సీట్లో కూర్చోలేదేమో, బెల్టు కోసం రెండు వైపులా తడుముకున్నాడు. వదిన ఎక్కి, ఆయన మీదుగా వంగి, బెల్టు లాగి పెట్టింది. ఆయన చేతి మీద నీళ్ళు పడ్డాయి.

"ముందు కళ్ళు తుడుచుకోవే," అన్నాడు. "ఇద్దరిలో ఒకరికైనా రోడ్డు కనబడాలి కదా."

ఆవిడ తుడుచుకుంది. బండి తీసింది.