మాట్లాడని అల్లుడు

పోయిన మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అక్క ఫోన్ చేసింది. "ఒలే, మీ బావ ఎల్లిపోనాడే," అంది. తగ్గిందనుకున్న జబ్బు తిరగబెట్టిందని వేసవి నుంచీ తెలుసు. అయినా బ్యాగు కూడా తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగేశాను.

మీలో కొందరికి ఆయన ముఖం తెలియకపోయినా ఆయన బల్ల మీద కొట్టిన దెబ్బ తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం మొదటినుంచీ చెప్తాను.

మా బావ గోపాలపట్నంలో ఉంటూ అద్దె కారు నడిపేవాడు. పుట్టింది సముద్రం మీద బతికే ఇంట్లో. అన్నలు ఇప్పటికీ వేటకు వెళ్తారు. ఈయనకేమో పడవ ఎక్కితే వాంతులు. "గంగమ్మ నన్ను వద్దనీసింది మరదలా, రోడ్డు రమ్మంది," అనేవాడు.

రోజూ పొద్దున్న నన్ను మధురవాడలో ఆఫీసు దగ్గర దింపేవాడు. ఆ ప్రయాణాల్లోనే ఆయన పిచ్చి నాకూ అంటుకుంది. మన ఊరివాళ్ళే కొందరు కలిసి చేసే ఇంప్రోవ్ కామెడీ పాడ్‌కాస్ట్ అది. ముందు రాసుకున్నది ఏదీ ఉండదు. ఎవరో ఒక మాట అందిస్తారు, వీళ్ళు అక్కడికక్కడే మనుషుల్నీ గొడవల్నీ పుట్టించి ఆడేస్తారు. మళ్ళీ మళ్ళీ వచ్చే వేషాలు కొన్ని ఉండేవి. ఎప్పుడూ దిగులుపడే లిఫ్ట్ ఆపరేటర్‌గా ఒకాయన వచ్చేవాడు. ఊళ్ళో ప్రతి పెళ్ళిలోనూ తలదూర్చే అత్తగారిగా ఒకావిడ వచ్చేది. బావకి వీళ్ళంతా చుట్టాలే. ఆవిడ నోరు తెరవకముందే, ఊపిరి తీసుకున్న చప్పుడుకే "అదిగో, అత్తగారు ఒచ్చీసింది!" అని స్టీరింగ్ మీద చరిచేవాడు.

ఒకసారి సీతమ్మధారలో ఎక్కిన పెద్దమనిషి "ఈ గోలేంటయ్యా, పాటలు పెట్టు" అన్నాడట. "రెండు నిమిషాలు సార్, అత్తగారు వత్తంది," అన్నాడు బావ. దిగాల్సిన చోటు వచ్చాక ఆ పెద్దమనిషి తలుపు మీద చెయ్యి వేసుకుని, ఎపిసోడ్ అయ్యేదాకా కదల్లేదట. ఆ వేళంతా బావ ఎన్నికల్లో గెలిచినవాడిలా తిరిగాడు.

ఆ ఆటలో కిటుకేమిటని అడిగితే చెప్పేవాడు. "ఎదుటోడు ఏటిత్తే అది పుచ్చుకోవాలి మరదలా. వద్దన్నావంటే ఆట అక్కడే సచ్చిపోద్ది. పుచ్చుకుని, దాని మీద ఇంకోటెట్టాలి." అక్క పులుసులో ఉప్పు ఎక్కువేసిన రోజున కూడా "పుచ్చుకున్నాను. దీని మీద మజ్జిగెట్టు," అనేవాడు. ప్రతి ఎపిసోడ్‌కీ వాళ్ళకి వాయిస్ మెసేజ్ పంపేవాడు. వాళ్ళు దాన్ని అందరికీ వినిపిస్తూ ఆయనకు "గోపాలపట్నం బావ" అని పేరు పెట్టారు.

తర్వాత ఆ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం, కేన్సర్ అని తేలింది. ప్రాణం నిలబడాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు, తీసేశారు. మెడ ముందర ఊపిరికి చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ మిగిలాయి. కొన్నాళ్ళకు మళ్ళీ కారెక్కాడు గానీ పాడ్‌కాస్ట్ పెట్టలేదు. నేను పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. గోపాలపట్నం నుంచి మధురవాడ దాకా ఏసీ చప్పుడు వింటూ వెళ్ళేవాళ్ళం.

ఒకరోజు నేను ఇంట్లో వింటున్నాను. అత్తగారి వేషం వేసే ఆవిడ ఆట మధ్యలో ఆగి, "గోపాలపట్నం బావ మాట వినబడి చాన్నాళ్ళయింది. ఏటైపోనావు బావా? వచ్చే నెల మధురవాడలో జనం ముందు ఆడతన్నాం, రా," అంది. మర్నాడు కారులో ఆయన్ని అడక్కుండా ఆ ముక్క పెట్టేశాను. సిగ్నల్ పచ్చబడినా కారు కదల్లేదు. వెనకాల హారన్లు మోగుతున్నాయి. మళ్ళీ పెట్టమని బావ వేలితో చూపించాడు.

తర్వాతి నెల ఆట ఉన్న ఆదివారం మధ్యాహ్నం మధురవాడలో ఆ చిన్న హాలు నిండిపోయింది. మేం ముగ్గురం వెనక వరసలో కూర్చున్నాం. ఆట మధ్యలో అత్తగారి వేషంలో ఉన్న ఆవిడ, "మా అమ్మాయికో పెళ్ళికొడుకు కావాలి. మీలోంచి ఎవరొస్తారు?" అని అడిగింది. అక్క చటుక్కున బావ చెయ్యి పట్టుకుని పైకెత్తేసింది.

"అక్కా, ఏటి సేత్తన్నావ్!" అన్నాను.

"నువ్వూరుకోయే. మాటున్నప్పుడు మాత్రం ఈయన సగం సైగలే కాదేటి!"

బావ లేచి వెళ్ళాడు. జనం చెవులతో వినే కార్యక్రమంలో మాట లేని మనిషి ఏం చేస్తాడు? ఆవిడ పేరడిగింది. బావ మెడ మీది గుడ్డ చూపించి చెయ్యి ఊపాడు. ఎవరో "అయ్యో పాపం" అన్నారు. ఆవిడ మర్యాదగా వెనక్కి పంపేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆవిడ కొంగు నడుముకి దోపి, కుర్చీ లాగింది.

"అబ్బాయి మాటాడడా? సాలా మంచిది. మాటకారి అల్లుళ్ళే మా కొంపలు ముంచీసినారు. కూకో నాయనా."

హాలు ఘొల్లుమంది. బావ కూర్చున్నాడు.

"ఉద్యోగం ఉందేటి?"

బావ మైకును బల్ల మీద పెట్టి, వేలి కణుపుతో టక్ మని కొట్టాడు.

"ఉంది. సంతోషం. మరి ఇంతకుముందు పెళ్ళి గానీ అయ్యిందేటి?"

టక్.

"ఒకటా!" ఆవిడ గుండె పట్టుకుంది. "సర్లే, ఒకటే కదా..."

టక్.

"రెండా!"

జనం పడీపడీ నవ్వుతున్నారు. ఆ నవ్వు తగ్గేదాకా బావ చేతులు కట్టుకుని పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ చెమట తుడుచుకుని, "పోన్లే, రెండుతో ఆగినాడు," అంది. అప్పుడు బావ బల్ల మీదికి వంగి, సిగ్గుపడుతున్నట్టు మెత్తగా మూడోది కొట్టాడు.

హాలు పైకప్పు లేచిపోయిందనుకున్నాను. నా పక్కనున్న ముక్కూమొహం తెలియని అమ్మాయి నా భుజం మీద పడి నవ్వింది. అక్క లేచి నిలబడి, "మా ఆయనే! ఒకటో పెళ్ళాన్ని నానే!" అని అరిచింది. అది కూడా రికార్డులో పడింది.

ఆయనే గోపాలపట్నం బావ అని ఆట అయ్యాక అక్క చెబితే, ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. ఆ తర్వాత "మాట్లాడని అల్లుడు" ఆ పాడ్‌కాస్ట్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే వేషమైపోయాడు. ఒక్క దెబ్బలో కోపం, ఒక్క దెబ్బలో అబద్ధం పలికించేవాడు. మెడ మీది గుడ్డ చూసి గుర్తుపట్టిన కుర్రాళ్ళు కారు దిగుతూ ఫొటోలు అడిగేవారు. ఒకసారి అన్నలు వేట మానుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తమ్ముడు పడవ మీద వాంతి చేసుకున్న సంగతి ఆ రోజు పక్కవాళ్ళందరికీ గర్వంగా చెప్పుకున్నారు.

ఆఖరి ఎపిసోడ్ పోయిన నెలలోనే ఆడాడు. ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించాల్సి వచ్చింది. ఎక్కాక మాత్రం ఎవరి సాయమూ కావలసి రాలేదు. జబ్బు గెలిచిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆ మొదటి ఆదివారం ఇంటికి తిరిగొచ్చిన ప్రయాణం మాత్రం ఇంకా నా కళ్ళ ముందే ఉంది. ఆటగాళ్ళని కూడా రమ్మని బావ సైగ చేస్తే, వాళ్ళంతా నవ్వుతూ కారులోకి ఇరుక్కున్నారు. అందరూ ఒకేసారి మాట్లాడేస్తున్నారు. సింహాచలం కొండ పక్కకి వచ్చేసరికి సాయంత్రపు ఎండ అద్దం మీద పడుతోంది. బావ ఉన్నట్టుండి ఇండికేటర్ వేసి కారు పక్కకు తీశాడు. ఏమైందోనని అందరం వంగి చూశాం. తల స్టీరింగుకి ఆనించి, భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వుతున్నాడు. చప్పుడు లేదు. పోర్టు లారీలు పక్కనుంచి పోతున్నాయి. అక్క ఆయన వీపు మీద చెయ్యి వేసి, నవ్వు అయ్యేదాకా అలాగే ఉంచింది.